లోపలికి దిగిన సింహాలు

నాకు వాచీలు బాగుచేయడం తప్ప వేరే పని రాదు. అనంతపురంలో పాత ఊరికి పోయే దారిలో, రెండు సెల్‌ఫోన్ షాపుల మధ్య ఇరుక్కున్న నాలుగడుగుల అంగడి నాది. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ, అదే గాజుపెట్టె, కుడికంటికి అదే భూతద్దం. జనం టైము ఫోన్లో చూసుకోవడం మొదలుపెట్టాక నా దగ్గరికి బ్యాటరీ మార్చుకునేవాళ్లు, పెళ్లిలో పెట్టిన వాచీకి పట్టీ కురచ చేయించుకునేవాళ్లు తప్ప ఎవరూ రావడం లేదు. అలాంటి రోజుల్లో నాణేలు పట్టుకుని వచ్చేవాళ్లు మొదలయ్యారు.

వాళ్లను పంపించేది ఫోన్లోని వీడియోలు. మీ ఇంట్లో ఈ రూపాయి ఒక్కటుంటే చాలు, లక్షలు మీవే అని ఒక గొంతు అరుస్తూ ఉంటుంది. అది విన్నవాళ్లు పిల్లల హుండీ పగలగొట్టి, పోపుల డబ్బా బోర్లించి, ఏదో ఒక వంకర నాణెం ఏరుకుని బయల్దేరతారు. బంగారం అంగట్లో అడిగితే కసురుతారు. బ్యాంకులో అడిగితే నవ్వుతారు. వాచీలాయన దగ్గర అద్దం ఉండాది, పోయి చూపించుకో అని ఎవరో ఒకరు నా మీదికి తోస్తారు.

మొదట్లో నాకూ ఏమీ తెలియదు. టవర్ క్లాక్ దగ్గర గుడ్డ పరుచుకుని పాత నాణేలు, చిల్లు కాణీలు అమ్మే ఒక సాయిబు తాత ఉండేవాడు. ఆయన వాచీ ఎప్పుడూ పది నిమిషాలు వెనక నడిచేది. దాన్ని ఊరికే సరిచేసి ఇచ్చినందుకు నాకు చదువు చెప్పాడు.

"సూడప్పా, బిడ్డకు పుట్టుమచ్చ ఉంటాది. కిందపడి దెబ్బ తగిలినా మచ్చ పడతాది. రెండూ మచ్చలే. ఒకటి తల్లి కడుపులో వచ్చింది, ఇంకోటి బజార్లో వచ్చింది. నాణేనికి తల్లి కడుపు టంకశాల. ఆడ జరిగితే తప్పు. గేటు దాటినాంక జరిగితే దెబ్బ. తప్పుకు ధర ఉండాది, దెబ్బకు లేదు. అంతే ఇద్య."

వినడానికి అంతే. చూడ్డానికి మాత్రం రెండేళ్లు పట్టింది. రైలు పట్టాల మీద పెట్టి నలిపిన రూపాయిని తెచ్చి, ఇది పెద్ద సైజు రూపాయి, మింట్‌లో పొరపాటున వచ్చిందని చెప్పేవాళ్లు. అద్దం పెడితే అక్షరాలన్నీ ఒకే వైపు సాగి, వాన నీళ్లలో తడిసిన సిరా మాదిరి కనిపించేవి. అంచు కొరికినట్టున్న నాణేలు వచ్చేవి. నిజంగా బిళ్ళ తెగేటప్పుడే అంచు పోయి ఉంటే, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పల్చబడి ఉంటుంది, తెగిన చోట అక్షరాలు మెల్లగా మాసిపోతాయి. ఆకురాయి పెట్టి ఎవరో రాకినదైతే అక్షరం నిక్కచ్చిగా నిలబడి, ఉన్నట్టుండి గోడ మీంచి పడ్డట్టు తెగిపోతుంది. పది రూపాయల బిళ్ళ మధ్యభాగాన్ని స్టవ్ మీద కాల్చి ఊడదీసి, తిప్పి బిగించినవి నేను ఎన్ని చూశానో లెక్కలేదు.

నూటికి తొంభై తొమ్మిది దెబ్బలే. ఆ మాట చెప్పడం నాకు కష్టంగా ఉండేది. నేను పుట్టుకతో భయస్తుణ్ణి. షట్టర్ తాళం మూడుసార్లు లాగి చూసుకుని, సందు చివరిదాకా పోయి, నాలుగోసారి వెనక్కొచ్చి చూసే మనిషిని. ఎదుటివాళ్ల ముఖం మారుతుంటే తల దించుకుని గాజుపెట్టె తుడవడం మొదలుపెడతాను. ఒక పూలమ్మే ఆమె రెండు రూపాయల బిళ్ళ తెచ్చి, నేను దెబ్బ అని చెప్పగానే, "నా కూతురు ఫీజు ఇట్ల కట్టేస్తానని అనుకుంటినే" అని నవ్వింది. ఆ నవ్వు చాలా రోజులు వెంటాడింది. అయినా ఎవరికీ అబద్ధం చెప్పలేదు. నా బతుకులో గట్టిగా పట్టుకున్నది అదొక్కటే అనుకునేవాణ్ణి.

మా ఆవిడ అన్న, అంటే మా బావ, రైతు. గార్లదిన్నె పక్క పల్లెలో ఆరెకరాలు. మూడెకరాల్లో చీనీ తోట, అంటే బత్తాయి; మిగతాది వాన పడితే వేరుశనగ. ఆ ఎండాకాలం ఆయన బోర్లు రెండూ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. చీనీ చెట్టు పదకొండేళ్లు పెంచిన చెట్టు. ఒక్క ఎండాకాలం నీళ్లు లేకపోతే నిలువునా చచ్చిపోతుంది. ట్యాంకర్లతో తోలుకుంటూ, చెట్టుకిన్ని బిందెలు అని వంతులేసుకుంటూ నెట్టుకొస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. మా ఆవిడ ఆయన పేరెత్తితే చాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు బావ నా అంగడి ముందు బైకు ఆపాడు. ఎప్పుడొచ్చినా ఇంటికే నేరుగా పోయే మనిషి. టవల్‌తో ముఖం తుడుచుకుని, అటూ ఇటూ చూసి, చొక్కా లోపలి జేబులోంచి బీపీ మాత్రల డబ్బా తీశాడు. మూత తిప్పి, దూది విప్పి, దాన్ని నా గాజుపెట్టె మీద పెట్టాడు.

"ఇది సూడప్పా. చేత్తో పట్టుకోవద్దు. అంచులు పట్టుకో."

స్టీలు రూపాయి. ఒక పక్క సింహాలు మామూలుగా పైకి లేచి ఉన్నాయి. రెండో పక్క తిప్పాను. అక్కడ ఒకటి అంకె ఉండాలి. లేదు. అక్కడ కూడా సింహాలే. అయితే పైకి లేచినవి కాదు, లోపలికి దిగినవి. అద్దంలో చూసినట్టు అక్షరాలు తిరగబడి, బొమ్మంతా గుంట పడి ఉంది.

సాయిబు తాత ఇలాంటి దాన్ని గురించి చెప్పి ఉన్నాడు కానీ నేను చూడటం అదే మొదలు. టంకశాలలో ఒక నాణెం కొట్టాక అది ఊడి పడకుండా పై అచ్చుకే అంటుకుని ఉండిపోతుంది. మిషను ఆగదు. కింద కొత్త బిళ్ళ వచ్చి కూర్చుంటుంది. దాని మీద అచ్చుకు బదులు ఆ అంటుకున్న నాణెం పడుతుంది. దాని సింహాలు కొత్త బిళ్ళలో గుంటగా దిగుతాయి. దీనికి దొంగ తమ్ముడు కూడా ఉంటాడు. రెండు మామూలు నాణేలను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఇనుప దవడలుండే బెంచివైసులో బిగించి నొక్కితే అది కూడా ఇలాగే కనిపిస్తుంది, తెలియనివాళ్లకు.

"యాడ దొరికింది బావా?"

"ట్యాంకరోడు చిల్లర ఇచ్చినాడు. దినాం చూస్తాంటిమి గదా వీడియోలు, మీ అక్కే కనిపెట్టింది." నేను అక్కా అని పిలిచేది బావ భార్యను. బావ స్టూలు ముందుకు లాక్కుని గొంతు తగ్గించాడు. "ఫోటో పెట్టినాను. ఒకాయన ఫోన్ చేసినాడు. ఎనిమిది లక్షలు ఇస్తాడంట."

పట్టకారు కింద పెట్టాను.

"ఎవరాయన?"

"కంపెనీ. పేరు ఏదో చెప్పినాడు. మర్యాదగా మాట్లాడినాడప్పా, అన్నా అన్నా అని."

"మొదట ఏమన్నా కట్టమన్నాడా?"

బావ రోడ్డు వైపు చూశాడు. "రిజిస్ట్రేషన్ అని ఒకటి ఉంటాదంట" అన్నాడు.

ఆ రిజిస్ట్రేషన్ సంగతి నాకు బాగా తెలుసు. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో నలుగురైదుగురు దాంట్లో మునిగినవాళ్లే. మొదట కొంచెం కట్టించుకుంటారు, తర్వాత ట్యాక్సు అంటారు, తర్వాత పోలీసు క్లియరెన్సు అంటారు, చివరికి ఫోన్ ఎత్తరు. అదంతా బావకు చెప్పాను. ఉన్నదున్నట్టు, పేర్లు లేకుండా, ఎవరికి ఎంత పోయిందో చెప్పాను. ఆయన వింటూ టవల్ కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు.

"వాళ్ల నాణేలు దొంగవి కాబట్టి అట్లయింది. నువ్వే చెప్పినావు గదా అన్నీ దెబ్బలే అని. నాకు ఒగటే చెప్పు. ఇది అసలుదా, కాదా? అసలుదైతే మిగతాది నేను సూసుకుంటాను."

భూతద్దం కంటికి పెట్టుకున్నాను. గుంట పడిన సింహాల అడుగున ఒకటి అంకె తాలూకు గీత ఏమైనా మిగిలి ఉందా అని వెతికాను. వైసులో నొక్కినదైతే పాత బొమ్మ ఎక్కడో ఒక చోట దెయ్యంలా కనబడాలి. లేదు. గుంటలోపల లోహం కొత్తగా మెరుస్తోంది. అక్షరాలు అంచుదాకా నిండుగా, పదునుగా ఉన్నాయి. రెండో పక్క తిప్పాను. నొక్కి ఉంటే ఆ పక్క సింహాల ముక్కులు అణిగి ఉండాలి. అణగలేదు. చిన్న తూకంలో పెట్టాను. మామూలు రూపాయితో సరిపోయింది.

అసలుది. అనుమానమే లేదు. ముప్పై ఏళ్లలో నా గాజుపెట్టె మీదికి వచ్చిన వస్తువుల్లో అంత అరుదైనది లేదు. సేకరించేవాళ్లకు అమ్మితే కొన్ని వేలు వస్తాయి. ఎనిమిది లక్షలు మాత్రం రావు. ఏ లోకంలోనూ రావు.

భూతద్దం తీయకుండా అలాగే వంగి ఉన్నాను. తీస్తే ఆయన కళ్లలోకి చూడాలి. అసలుదని చెబితే ఈయన ఇంటికి పోయేలోపల దుడ్లు పంపిస్తాడు. ట్యాంకర్లకు పెట్టుకున్న దుడ్లు. అవి చాలకపోతే మా అక్క మెడలోది. "వేలే వస్తాయి, లక్షలు రావు" అంటే వినడు. ఇందాక చెప్పింది విన్నాడా? పక్క షాపులో ఎవరో ఫోన్ రింగుటోన్లు ఒక్కొక్కటే మోగించి చూస్తున్నారు.

"ఏమప్పా? నోట్లోంచి మాట రాదే?"

"దెబ్బ, బావా" అన్నాను. "వైసులో పెట్టి నొక్కినారు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. చాలా మామూలుగా వచ్చింది. బ్యాటరీ అయిపోయింది అన్నట్టు.

బావ ముఖం నేను అనుకున్నట్టు వాడిపోలేదు. అదొక రకంగా గట్టిపడింది. "నిజంగానా? అయితే ఇది మోసపు రూపాయా?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాను. నాణేన్ని దూదిలో చుట్టాడు, డబ్బాలో పెట్టాడు. కూజాలోని నీళ్లు ఎత్తి తాగాడు. ఇంటికొచ్చి భోంచేసి పొమ్మంటే "లేదప్పా, ట్యాంకరొచ్చే టైము" అని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఒక ఆడవాళ్ల వాచీ విప్పి, దాని మరమేకు ఎక్కడ పెట్టానో మరిచిపోయి, నేల మీద పాకుతూ గంటసేపు వెతికాను. మంచి పనే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు రోజులు ఆగి, ఆ ఫోన్ చేసే మనిషి మీద ఆశ పోయాక, అసలు సంగతి చెప్పి, సాయిబు తాత ద్వారా అమ్మించి, వచ్చిన వేలు చేతిలో పెడితే సరి అని లెక్క వేసుకున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. బావ వచ్చిన సంగతే చెప్పలేదు. ఆమె అన్నం వడ్డిస్తూ "ఏమైంది, అట్లున్నావు?" అంటే "ఎండ" అన్నాను.

మంగళవారం బావకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బుధవారం రెండుసార్లు చేశాను. రింగవుతుంది, ఎత్తడు. అంతకుముందు ఎప్పుడూ అలా చేసిన మనిషి కాదు. పొలంలో ఉంటే గంట తర్వాతైనా చేసేవాడు. ఆ నాణేన్ని ఏం చేసి ఉంటాడు? కోపంలో బావిలో పారేశాడా, ట్యాంకరువాడికే తిరిగి ఇచ్చేశాడా? వెళ్లి అడిగితే అనుమానం వస్తుంది. అడగకపోతే నాణెం పోతుంది. ఎవరైనా అంగట్లోకి అడుగుపెడితే చాలు, ఆయనేనేమో అని తలెత్తి చూసేవాణ్ణి.

గురువారం ఉదయం అక్క నాకు ఫోన్ చేసింది. మా ఆవిడకు కాకుండా నేరుగా నాకు.

"ఏమప్పా, ఆయన నీ కాడికి వచ్చినాడా సోమారం?"

"వచ్చినాడక్కా."

"ఏం మాట్లాడుకున్నారు? అప్పట్నుంచీ మనిషి మనిషిగా లేడు. అన్నం సరిగా తినేది లేదు. తోట్లో మోటారు షెడ్డు కాడ పోయి కూసుంటాడు. పిలిస్తే పలకడు. నాకు బయ్యమైతాంది."

ఆమె భయమేమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఈ జిల్లాలో ఆ మాట ఎవరూ నోటితో అనరు. బోర్లు ఎండిన ఏడాది, తోట ఎండుతున్న నెలలో, మగమనిషి ఒంటరిగా షెడ్డు దగ్గర కూర్చుంటే ఆడవాళ్లు ఏం ఆలోచిస్తారో అందరికీ తెలుసు. పురుగుల మందు డబ్బాలు ఉండేది ఆ షెడ్డులోనే.

"ఆయన్ని ఒంటరిగా విడవద్దక్కా. నేను వస్తాండా" అన్నాను.

షట్టర్ దించి, తాళం వేసి, మొట్టమొదటిసారి లాగి చూడకుండా బస్టాండుకు పరిగెత్తాను. గార్లదిన్నె బస్సు నిండి ఉంది. నిలబడే పోయాను. కిటికీలోంచి ఎర్రమట్టి, గుండ్రాళ్లు, మధ్యమధ్యలో బూడిద రంగుకు తిరిగిన తోటలు. చెట్లు ఉన్నాయి, ఆకులు లేవు. సోమవారం ఆయన ముఖం గట్టిపడిన తీరు మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. నేను దాన్ని నిరాశ అనుకున్నాను. ఇంకేదైనా అయితే? ఉన్న ఒక్క ఆశను, అదీ నిజమైన ఆశను, కొన్ని వేలదైనా సరే, నా నోటితో చంపేశానే.

బస్సు దిగి ఆటోలో పల్లెకు పోయాను. అక్క వాకిట్లోనే నిలబడి ఉంది.

"నీకు ఫోన్ చేసినాంక బైకేసుకుని పోయినాడంట. నేను పాలు పోసొచ్చేలోపల లేడు. ఫోను ఆపేసినాడు."

ఇద్దరం తోటకు పోయాం. పోయాం అనడం కన్నా ఉరికాం అనాలి. మోటారు షెడ్డు తలుపు దగ్గరికి వేసి ఉంది. అక్క పది అడుగుల దూరంలోనే ఆగిపోయింది. నేను తోశాను. ఖాళీ. స్టార్టరు డబ్బా, చుట్ట చుట్టిన డ్రిప్పు పైపులు, గోడ పక్కన మందు డబ్బాలు. వంగి ఒక్కొక్క దాని మూతా చూశాను. అన్నీ బిగించి ఉన్నాయి, దుమ్ముతో. నా వేళ్ల గుర్తులు తప్ప వేరే గుర్తులు లేవు. బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాను. అక్క అక్కడే గట్టు మీద కూలబడింది.

తోటలో నీళ్లు పోస్తున్న కూలి మనిషి మమ్మల్ని చూసి పాదుల్లోంచి కేకేశాడు. "అన్న కోసమా? గార్లదిన్నెకు పోయినాడు. వెల్డింగ్ షాపుకాడ పనుండాదన్నె."

వెల్డింగ్ షాపుకు రైతు పోయే పనులు నూరు ఉంటాయి. అయినా నాకు ధైర్యం రాలేదు. అక్కను ఇంటికి పంపి, అదే ఆటోలో వెనక్కి పోయాను.

దూరం నుంచే బైకు కనిపించింది. దాని పక్కన బావ. షాపు బెంచీ మీద మోచేతులు ఆనించి, వెల్డింగు ఆయనతో ఏదో చెబుతూ, మధ్యలో నవ్వుతున్నాడు కూడా. ఆటో దిగి రోడ్డు దాటాను.

"ఓరి, నువ్వొచ్చినావా! రా రా, నీకే ఫోన్ చేద్దామనుకుంటాంటి" అని బావ పిలిచాడు. "ఫోన్లో ఆ నా కొడుకు ఊరికే చేస్తాంటే ఆపేసినా."

కూర్చోబెట్టి, టీ తెప్పించి, జరిగింది చెప్పాడు. సోమవారం నా అంగట్లోంచి ఇంటికి పోతూ, దారిలోనే బైకాపి ఆ కంపెనీ మనిషికి ఫోన్ చేశాడట.

"నేను చెప్పినా. అయ్యా, నా రూపాయి మోసపుది. మావాడు అద్దం పెట్టి చూసినాడు. ఎవరో నొక్కినారంట. నీకు నష్టం వస్తాది, వద్దులే అని. వాడేమన్నాడో తెల్సునా? ఫరవాలేదన్నా, ఇంకో నాలుగు వేలు సర్టిఫికెట్‌కు కట్టు, ఎనిమిది లక్షలు ఇస్తామన్నాడు. ఏమప్పా ఇది! చెడ్డ రూపాయని ఇచ్చేవాడే చెప్తాంటే, కొనేవాడు లక్షలిస్తానంటాడా? అప్పుడర్థమైంది నాకు వాడెవరో."

"ఇంకో నాలుగు వేలంటే? ముందు ఏమన్నా కట్టినావా?"

బావ టీ గ్లాసులోకి చూశాడు. "తొమ్మిది వేలు. శనివారమే కట్టినా. నీ కాడికి రాకముందే."

నేను అబద్ధం చెప్పే నాటికే అవి పోయాయి.

"మరి నా దగ్గరికి ఏంటికి వచ్చినావు బావా?"

"వాడు అంత దుడ్డు ఇస్తానంటాండాడే, మనది అసలుదో కాదో తెల్సుకోకుండా తీసుకుంటే తప్పు గదా. రేపు దొంగ రూపాయి ఇచ్చినాడని వాడు అనుకోగూడదు గదప్పా." గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "తొమ్మిది వేలు పోయినాయని మీ అక్కకు చెప్పలేక నాలుగు దినాలు తోట్లోనే కూసున్నా. నాకే సిగ్గయింది."

అదే క్షణంలో నా కన్ను బెంచీ చివర బిగించి ఉన్న వైసు మీద పడింది. దాని పక్కన మాత్రల డబ్బా, తెరిచి ఉంది. దూది బయట పడి ఉంది.

"రూపాయేది బావా?"

"అదే చూపిద్దామనుకుంటాంటి. ఎట్ల నొక్కినారో చూద్దామని వచ్చినా. ఇట్లా మోసం ఎట్ల చేస్తారు అని. సింహాల గుంటలో ఇంకో రూపాయి సింహాలు పెట్టినామా, టక్కుమని కూసున్నాదప్పా, తాళంలో తాళంచెవి కూసున్నట్ల! నువ్వు చెప్పింది అచ్చం నిజం. ఈ వెల్డింగాయన బిగించి రెండు దెబ్బలేసినాడు, ఇంకా ఎంత లోతు దిగుతాదో అని."

వెల్డింగు ఆయన వైసు తిప్పి, రెండు నాణేలూ తీసి, విడదీసి, సింహాల గుంట ఉన్నదాన్ని నా అరచేతిలో పెట్టాడు. భూతద్దం జేబులోనే ఉంది. తీసి పెట్టుకున్నాను. అవసరం లేకపోయినా పెట్టుకున్నాను. గుంటలోని సింహాలకు ఇప్పుడు రెండేసి అంచులు, జరిగిపోయి. రెండో పక్క తిప్పితే, అణగకుండా ఉన్న ఆ సింహాల ముక్కులు చదునైపోయాయి. వాటి మీద వైసు పళ్ల గళ్లు అడ్డంగా, నిలువుగా దిగాయి.

ఆ క్షణంలో నేను గమ్మున ఉండిపోయి ఉండొచ్చు. నాణేన్ని ఆయన చేతిలో పెట్టి, అవును బావా, ఇట్లనే చేస్తారు అని టీ తాగి వచ్చేయొచ్చు. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి, ఎవడో ఊరూ పేరూ లేని దొంగకు నష్టం రాకూడదని ఫోన్ చేసిన మనిషి.

"బావా, ఇది అసలుది" అన్నాను. "సోమవారం నీకు నేను అబద్ధం చెప్పినా."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. నవ్వు ముఖంతోనే చూస్తూ ఉన్నాడు. మొత్తం చెప్పాను. అచ్చుకు అంటుకున్న నాణెం గురించి, అది ఎంత అరుదో, అమ్మితే ఎంత వచ్చి ఉండేదో. లక్షలు కాదు, ఆరేడు వేలు వచ్చి ఉండేదని. అసలుదని చెబితే వాడికి దుడ్లు కడతావని భయపడ్డానని.

"ఇప్పుడు?"

"ఇప్పుడు దెబ్బ తగిలింది."

వెల్డింగు ఆయన చేతిలోని సుత్తిని మెల్లగా బెంచీ మీద పెట్టి, లోపలికి పోయాడు.

బావ నా అరచేతిలోని రూపాయి తీసుకుని దూదిలో చుట్టాడు. తర్వాత అన్నాడు, "నువ్వు నాకు అసలుదని చెప్పి, వాడు దొంగని చెప్పి, ఈడ కూసో, యాడికీ పోవద్దు అని నా చెయ్యి పట్టుకుని ఉంటే నేను ఇననా? నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా?"

"ఇనవేమోనని భయమైంది."

"నీ బయ్యానికి నా రూపాయి పోయింది" అన్నాడు. అరవలేదు. లేచి బైకు తీసుకుని, ఫోన్ ఆన్ చేసి, మా అక్కకు చేశాడు. "ఈడే ఉండా. వస్తాండా. నీకొకటి చెప్పాల" అనడం వినిపించింది.

మరుసటి వారం ఇద్దరం టవర్ క్లాక్ దగ్గరికి పోయాం. నేను రమ్మంటే కాదు, అక్క ద్వారా అంతా తెలుసుకున్న మా ఆవిడ చెబితే వచ్చాడు. సాయిబు తాత ఆ నాణేన్ని ఎండలోకి పట్టి ఎంతసేపో చూశాడు. "పుట్టుమచ్చా ఉండాది, దెబ్బా ఉండాది. కొనేవాడు దెబ్బనే చూస్తాడప్పా" అన్నాడు. నాలుగు వందలకు ఎవరైనా తీసుకోవచ్చన్నాడు. బావ అమ్మలేదు. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చాం. ఆ తొమ్మిది వేలు ఈ రోజుదాకా రాలేదు.

మా ఆవిడ నాతో నెల రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. ఆమె ఒక్కటే అడిగింది, "ఊర్లో అందరికీ నిజం చెప్తావు. మా అన్నకేంటికి చెప్పలేదు?" నేను చెప్పిన జవాబులు ఏవీ ఆమెకు నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

ఆ ఏడాది బావ ఒక ఎకరా చీనీ చెట్లు కొట్టేశాడు. ఆ నీళ్లు మిగతా రెండెకరాలకు మళ్లించాడు. తొలకరి ఆలస్యంగా వచ్చింది కానీ వచ్చింది. రెండెకరాలు బతికాయి. మా ఇంటికి మాత్రం దసరాకు రాలేదు. పిల్లలను పంపించాడు, బస్తాడు కాయలు పంపించాడు.

నాణేలు చూడటం మానేద్దామనుకున్నాను. దించేసేందుకు బోర్డేమీ లేదు కాబట్టి మానడం కుదరలేదు. జనం వస్తూనే ఉన్నారు. మొన్న ఒక గొర్రెలాయన వచ్చాడు, బావ వాళ్ల ఊరివాడు. వంద రూపాయల నోటు. మూల దగ్గర కాగితం మడత పడి అచ్చయింది, మడత విప్పితే తెల్లటి పట్టీ. నేను అద్దం పెట్టి చూశాను. సిరా మడత అంచుదాకా వచ్చి, పక్కకు పాకకుండా ఆగింది. ఎవరూ తుడవలేదు, గీకలేదు.

"అసలుదే" అన్నాను. "లక్షలు రావు. రెండు మూడు వేలు వస్తే గొప్ప. ఎవరైనా ముందు కట్టమంటే కట్టొద్దు. నువ్వు ఊరికి పోయేదానికి ముందు నాతో టవర్ క్లాక్ దాకా రా. నేను దగ్గరుండి అమ్మిస్తాను."

ఆయన నోటును మళ్లీ నా ముందుకు జరిపాడు. "ఇంకో తూరి చూడు సామీ."

"ఏంటికి? చూసినా గదా."

"మీ బావ చెప్పినాడు. ఆయన కాడికే పో, మంచోడే, కానీ రెండు తూర్లు అడుగు అన్నాడు."

రెండోసారి అద్దం పెట్టుకున్నాను. అదే చెప్పాను. షట్టర్ దించి, ఆయనతో కలిసి టవర్ క్లాక్ వైపు నడిచాను.